క్యాసెట్లు ఫోన్‌లోకి సరే, అమ్మ చేతికి ఎలా?

ప్రశ్న: మా నాన్న 1981 నుంచి 1996 దాకా కువైట్‌లో పనిచేశారు. ఉత్తరాల బదులు క్యాసెట్‌లో మాట్లాడి, ఊరికి వచ్చేవాళ్ల చేత పంపించేవారు. అలాంటివి 43 ఉన్నాయి. ఇంట్లో టూ ఇన్ వన్ (రేడియో, టేప్ రికార్డర్ కలిసిన మెషీన్) పాడై చాలా కాలమైంది, నాన్న పోయి ఆరేళ్లు. అమ్మకి 71. మా అబ్బాయి పాత ఫోన్ ఇచ్చి యూట్యూబ్ నేర్పాం. "ఒకటి పెడితే ఇంకోటి వస్తోంది" అని పక్కన పడేస్తుంది. ఈమధ్య ఒక క్యాసెట్‌ని షాపులో ఎంపీ3 చేయించి ఆ ఫోన్‌లోనే వేశాం. ఒకసారి విని ఊరుకుంది. మిగతావి కూడా మార్పించాలా? మేమే చేసుకోగలమా? అమ్మకి ఫోన్ అంటే ఎందుకు పడట్లేదు?
– ఒక పాఠకురాలు, కోనసీమ

సమాధానం: మార్చండి. మీరే చేసుకోవచ్చు కూడా. కాకపోతే ఆలోచన క్యాసెట్ దగ్గర కాకుండా అమ్మగారి చేతి దగ్గర మొదలుపెట్టండి. టూ ఇన్ వన్ ఉన్నన్నాళ్లూ ఆవిడ కావలసింది తానే పెట్టుకున్నారు, తానే ఆపుకున్నారు. ఇప్పుడు అదే గొంతు వినాలంటే కూతురో మనవడో పక్కనుండాలి. పెద్దవాళ్లు ఇలాంటివి ఒకసారి అడుగుతారు, రెండోసారి మొహమాటపడతారు. మీరు ఫోన్ మీద అయిష్టం అనుకుంటున్నదాంట్లో చాలా భాగం ఇదే అయుంటుంది.

ముందు ఆ ఫోన్ సంగతి తేల్చేద్దాం. మనవడి పాత ఫోన్ అన్నారు కాబట్టి అందులో మనవడి గూగుల్ ఖాతాయే ఉండి ఉంటుంది. ఆ ఖాతాతో అబ్బాయి ఇన్నేళ్లూ ఏం చూశాడో దాన్నిబట్టే యూట్యూబ్ వరస పేరుస్తుంది. ఆవిడ భజన పెట్టుకుంటే వెనకాలే క్రికెట్ రావడం వింతేమీ కాదు. ఆవిడ పేరున వేరే ఖాతా తెరవండి. వీడియో మీద కనిపించే ఆటోప్లే మీట ఆపేయండి. మూడోది చాలామంది గమనించనిది: వయసు పైబడ్డాక వేళ్ల చర్మం పొడిబారి, తెర ఆ స్పర్శని సరిగ్గా పట్టుకోదు. పలకడం లేదని ఇంకాస్త గట్టిగా, ఇంకాస్త సేపు నొక్కుతారు. అలా నొక్కి పట్టుకోవడం ఫోన్ లెక్కలో వేరే పని కాబట్టి ఏదో మెనూ తెరుచుకుంటుంది, లేదంటే బొమ్మ చోటు మారిపోతుంది. ఆండ్రాయిడ్‌లో అయితే సెట్టింగ్స్‌లో యాక్సెసిబిలిటీ కింద 'టచ్ అండ్ హోల్డ్ డిలే' అని ఉంటుంది. దాన్ని 'లాంగ్'కి మార్చండి. పాటల గొడవ చాలావరకు దీంతో తీరుతుంది.

నాన్నగారి మాటలకి మాత్రం ఫోన్ వద్దనే చెబుతాం. క్యాసెట్‌ని ఎక్కడ ఆపితే అక్కడే ఉంటుంది. నెల తర్వాత తీసి వేరే మెషీన్‌లో వేసినా అక్కడి నుంచే పలుకుతుంది. ఫోన్‌లో అలా కాదు, మధ్యలో ఒక కాల్ వస్తే ఫైలు మళ్లీ మొదటికి పోవచ్చు. పోయిన చోటుకి రావాలంటే సన్నగీత మీద వేలు జరపాలి. అరగంట ఫైలుకి ఆ గీత మీద ఒక మిల్లీమీటరు అంటే దాదాపు అరనిమిషం. మనకే కుదరదు, డెబ్బై దాటిన వేలికి ఎలా కుదురుతుంది?

అందుకని పెన్‌డ్రైవ్ పెట్టుకునే, మీటలున్న చిన్న స్పీకరో రేడియోనో కొనండి. 2017లో వచ్చిన సరిగమ కార్వాన్‌ని పెద్దవాళ్లు అంత త్వరగా చేరదీశారంటే అందులోని పాటలతో పాటు తిప్పే మీట కూడా కారణమే. దానికీ యూఎస్‌బీ ఉంది. ఏది కొన్నా షాపులోనే పరీక్షించండి. పెన్‌డ్రైవ్‌లో పది ఫైళ్లకి 01 నుంచి 10 దాకా పేర్లు పెట్టి తీసుకెళ్లండి. అదే వరసలో పాడుతుందా చూడండి. ఐదోది మధ్యలో ఉండగా కట్టేసి మళ్లీ ఆన్ చేయండి. మొదటి ఫైలుకి పోయిందా, ఐదోదాని మొదటికి వచ్చిందా, ఆపిన చోటే అందుకుందా? ఐదోదాని మొదటికి వచ్చినా మనకి చాలు, ఎలాగో కింద చెబుతాం. ఒకే మీటని చిన్నగా నొక్కితే వాల్యూమ్, నొక్కి పట్టుకుంటే తర్వాతి పాట అయ్యే రకం చవక స్పీకర్లలో చాలా ఉంటుంది. దాన్ని వదిలేయండి, ఫోన్‌తో పడ్డ బాధే మళ్లీ పడతారు.

ఇక క్యాసెట్లు. మెషీన్ జోలికి వెళ్లకముందే ఇవాళే చేయాల్సిన పని ఒకటుంది. క్యాసెట్ పై అంచున రెండు చివరలా చిన్న ప్లాస్టిక్ రేకులుంటాయి. రెంటినీ విరిచేయండి. అవి లేకపోతే రికార్డ్ మీట దిగదు, పొరపాటున చెరిగిపోయే ప్రమాదం ఉండదు. కొన్నిటికి రేకులు ఎప్పుడో పోయి, ఆ కన్నాల మీద టేపు అంటించో కాగితం కూరో ఉంటుంది. అది తీసేయండి, కానీ అలాంటి క్యాసెట్‌ని పక్కన పెట్టి గుర్తు పెట్టుకోండి. అది సినిమా పాటల క్యాసెట్ కొని దాని మీదే మాటలు రికార్డ్ చేసిందన్నమాట. పైన సినిమా పేరు ఉందని 'పాటలు' అని పడేసేరు. ఇంటి క్యాసెట్లన్నీ ఒకసారి ఇలా చూస్తే మీ 43 కాస్తా 50 అయినా ఆశ్చర్యం లేదు.

ఇంకో సంగతి. ఒకే క్యాసెట్ అటూ ఇటూ తిరగడం మామూలే. నాన్నగారు పంపినదాని మీదే ఇంట్లోవాళ్లు జవాబు మాట్లాడి తిరిగి పంపేవాళ్లు. జవాబు ఇరవై నిమిషాలే ఉంటే, దాని తర్వాత పాత మాటల తోక మిగిలే ఉంటుంది. అందుకే మాటలు ఆగిపోయాయని టేపు ఆపకూడదు. షాపుల్లో పోగొట్టేది ఇక్కడే. మీరు చేయించిన ఎంపీ3 నిడివి ఒకసారి చూడండి. క్యాసెట్ మీద రాసి ఉండే అంకె మొత్తం నిమిషాలు: సీ-60 అయితే వైపుకి 30 నిమిషాలు, సీ-90 అయితే 45, సాధారణంగా పైన ఒకటో అరో ఎక్కువే. ఫైలు 22 నిమిషాలే ఉందంటే మిగతాది వినకుండానే ఆపేశారు. బీ వైపు అసలు ఎక్కించారో లేదో కూడా చూసుకోండి.

మెషీన్‌కి ఆన్‌లైన్‌లో దొరికే, నేరుగా యూఎస్‌బీకి తగిలించే చిన్న ప్లాస్టిక్ క్యాసెట్ ప్లేయర్లు కొనొద్దు. వాటి మోటారు వేగం నిలకడగా ఉండదు, గొంతు ఊగుతుంది. మీ టూ ఇన్ వన్‌నే బాగు చేయించడం మేలు. మోటారు తిరుగుతూ చక్రాలు తిరగకపోతే జబ్బు దాదాపుగా బెల్టే. ఇన్నేళ్లకి రబ్బరు సాగిపోతుంది, లేదా కరిగి తారులా అంటుకుంటుంది. పాత బెల్టు సాగి ఉంటుంది కాబట్టి దాన్ని కొలిచి కొత్తది తేకూడదు. పుల్లీల చుట్టూ దారం చుట్టి కొలిచి, అంతకంటే నూటికి ఐదు వంతులు చిన్నది తీసుకోవాలి. పాత తారుని స్పిరిట్‌తో పూర్తిగా తుడవకపోతే కొత్త బెల్టూ జారుతుంది.

హెడ్, అంటే టేపు ఆనుకుని పోయే, దాన్ని చదివే లోహపు ముక్క. దాన్ని తుడవడానికి మొబైల్ రిపేర్ వాళ్లు వాడే ఐపీఏ, అంటే ఐసోప్రొపైల్ ఆల్కహాల్, చెవి పుల్లకి చుట్టిన దూది చాలు. చేతుల శానిటైజర్ వాడొద్దు. అందులో కలిపే గ్లిజరిన్ హెడ్ మీద పొరలా ఉండిపోతుంది. హెడ్‌తో పాటు దాని పక్కనుండే సన్నటి ఇనుప కడ్డీ, దానికి ఆనుకునే నల్ల రబ్బరు చక్రం కూడా శుభ్రంగా ఉండాలి. క్యాసెట్‌ని మెషీన్ 'మింగేసింది' అంటామే, అప్పుడు జరిగేది ఏమిటంటే ఈ రబ్బరు చక్రం జిగటగా మారి టేపుని తనకి చుట్టుకుంటుంది, లేదా బెల్టు వదులై కుడివైపు చక్రం వచ్చిన టేపుని లాగదు. కాబట్టి మొదటి గంట నాన్నగారి క్యాసెట్ వేయకండి. పోయినా ఫర్వాలేదనుకునే పాటల క్యాసెట్ రెండు వైపులా పూర్తిగా తిరగాలి. అప్పుడే నమ్మాలి.

కోనసీమ గాలిలో తేమకి బూజు పట్టకుండా ఉండే క్యాసెట్ తక్కువ. క్యాసెట్ మధ్యలోని అద్దం కిటికీలోంచి చూస్తే టేపు చుట్ట అంచున తెల్లగా పొడిలా కనిపిస్తే అదే. వాటిని వేరు చేయండి, చిట్టచివర చేయండి. బూజున్నది వేస్తే అది హెడ్‌కి, అక్కణ్నుంచి తర్వాతి క్యాసెట్‌కి అంటుతుంది. మూత గట్టిగా పట్టే డబ్బాలో సిలికా జెల్ పొట్లాలతో వారం పది రోజులు ఆరనివ్వండి. ఎండలో పెట్టొద్దు, పెంకు వంగిపోతుంది. తర్వాత ముక్కుకి గుడ్డ కట్టుకుని, బయట కూర్చుని, ఆరు పలకల పెన్సిల్‌తో నెమ్మదిగా ఈ చివర నుంచి ఆ చివరకి తిప్పుతూ, పొడి మెత్తటి గుడ్డని టేపుకి అతి తేలిగ్గా తాకించండి. ఒక్కో క్యాసెట్ అయ్యాక హెడ్ మళ్లీ తుడవాలి.

బూజు లేనివి కూడా ఇన్నేళ్లు కదలకుండా ఉన్నాయి కాబట్టి పాడించే ముందు ఒకసారి ఆ చివరిదాకా, మళ్లీ ఈ చివరిదాకా తిప్పండి. సీ-60లో టేపు మందం సుమారు 18 మైక్రాన్లు, సీ-90లో 12, సీ-120లో 9 మాత్రమే. సీ-120లు ఉంటే మెషీన్‌లో రివైండ్ చేయకండి, చేత్తోనే తిప్పండి. గొంతు బాగా మందగించి, దుప్పటి కప్పినట్టు వినిపిస్తే టేపు పాడైందని కంగారు పడొద్దు. క్యాసెట్ నోటి దగ్గర, మధ్యలో, రాగి రేకు మీద చిన్న ఉన్ని ముక్క ఉండాలి. అది టేపుని హెడ్‌కి అదిమి పెడుతుంది. జిగురు ఎండి అది రాలిపోయుంటుంది. స్క్రూలున్న మరో క్యాసెట్ కొని, దాని పెంకులోకి ఈ టేపు చుట్టలు మార్చడమే మందు. ఐదు స్క్రూలే. విప్పే ముందు ఫోన్‌తో ఫొటో తీసుకోండి, టేపు ఏ చక్రం చుట్టూ ఎలా పోతుందో తర్వాత గుర్తుండదు. తెగిన చోట సెల్లో టేపు వేయొద్దు. దాని జిగురు పక్క చుట్టలకి పాకుతుంది. స్ప్లైసింగ్ టేపు అని వేరే దొరుకుతుంది, అది వెనకవైపు, అంటే హెడ్‌కి తాకని వైపు అంటించాలి.

కంప్యూటర్‌కి కలిపేటప్పుడు ఎక్కువమంది బోల్తా పడేది లాప్‌టాప్ రంధ్రం దగ్గర. ఇప్పటి లాప్‌టాప్‌లకి ఒక్కటే రంధ్రం ఉంటుంది. లోపలికి తీసుకోవడానికి అది మైక్ రంధ్రం. టేప్ రికార్డర్ నుంచి వచ్చే బలమైన సిగ్నల్ అక్కడ పగిలిపోతుంది, పైగా ఎడమ, కుడి రెండు చానళ్లు ఒకటైపోతాయి. 'లైన్ ఇన్' ఉన్న చిన్న యూఎస్‌బీ సౌండ్ కార్డ్ కొనండి. డబ్బాపై మైక్ అని మాత్రమే రాసి ఉంటే అది కాదు. మెషీన్ హెడ్‌ఫోన్ రంధ్రం నుంచి అందులోకి రెండు చివరలా 3.5 మిల్లీమీటర్ల పిన్నున్న తీగ చాలు. ఆడాసిటీ అనే ఉచిత సాఫ్ట్‌వేర్‌లో 48 కిలోహెర్ట్జ్, 24 బిట్, స్టీరియో అని పెట్టుకోండి. గట్టిగా మాట్లాడిన చోట కూడా శబ్దం స్థాయి చూపే మీటరు మైనస్ 6 డెసిబెల్స్ దాటకుండా వాల్యూమ్ తగ్గించండి. తక్కువైతే తర్వాత పెంచుకోవచ్చు, పగిలిన గొంతు ఇక అతకదు.

ఇక మీ దగ్గరున్న టేపులకి ప్రత్యేకంగా పనికొచ్చే రెండు కిటుకులు. ఆ రోజుల్లో మాటలు రికార్డ్ చేసినవి ఎక్కువగా ఒకే మైకున్న మోనో మెషీన్లు. ప్రతి మెషీన్ హెడ్ కొద్ది తేడాతో వాలి ఉంటుంది. మీ హెడ్ వాలు, రికార్డ్ చేసిన హెడ్ వాలు కలవకపోతే స, ష, చ లాంటి అక్షరాలు మొద్దుబారతాయి. హెడ్‌కి ఒక పక్క, రంగు చుక్క వేసిన చిన్న స్క్రూ ఉంటుంది. అది మొదట ఉన్న చోటుని గుర్తు పెట్టుకుని, టేపు ఆడుతుండగా అటూ ఇటూ కొద్దికొద్దిగా తిప్పి ఆ అక్షరాలు స్పష్టంగా పలికే చోట ఆపండి. క్యాసెట్ మారితే మళ్లీ చూడాలి. రికార్డ్ చేశాక రెండు చానళ్లనీ కలిపి మోనో చేయకండి. వాలు పూర్తిగా కలవనప్పుడు ఒక చానల్ వెంట్రుకవాసి వెనక ఉంటుంది, కలిపితే ఆ సన్న శబ్దాలు ఒకదాన్నొకటి చంపుకుంటాయి. మెరుగైన చానల్‌ని ఉంచి రెండోదాన్ని తీసేయడమే మంచిది.

రెండోది వేగం. గొంతు కీచుగానో బొంగురుగానో ఉందనిపిస్తే నిర్ధారించుకోవడానికి దారి ఉంది. కువైట్ కరెంటు మనలాగే 50 హెర్ట్జ్. గదిలో ఫ్యానో ఫ్రిజ్జో, మెషీన్ అడాప్టరో పెట్టిన సన్నటి 'గుం' టేపులో పడి ఉంటే, అది 50, 100, 150 దగ్గర కనిపించాలి. మీ మెషీన్‌నీ లాప్‌టాప్‌నీ బ్యాటరీ మీద నడిపి ఒక నిమిషం ఎక్కించండి, లేకపోతే మీ ఇంటి గుం కూడా కలుస్తుంది. ఆడాసిటీలో 'ప్లాట్ స్పెక్ట్రమ్' (ఏ హెర్ట్జ్ దగ్గర శబ్దం ఎంత ఉందో చూపే గీత) చూస్తే 100 బదులు 103 దగ్గర శిఖరం ఉందనుకోండి, టేపు 3 శాతం వేగంగా పోతోంది. 'ఛేంజ్ స్పీడ్ అండ్ పిచ్'లో మైనస్ 2.9 ఇస్తే సరిపోతుంది. (సౌదీలో రికార్డ్ చేసిన టేపులకి ఇదే లెక్క 60తో మొదలుపెట్టాలి, అక్కడి కరెంటు 60 హెర్ట్జ్.) ఇదంతా అక్కర్లేదనుకుంటే అమ్మగారినే అడగండి. ఆ గొంతు వేగం ఆవిడకి తెలిసినట్టు స్పెక్ట్రమ్‌కి కూడా తెలియదు.

క్యాసెట్ నిడివి ఎంతో, ఎక్కించడానికి అంతా పడుతుంది. తొందరపెట్టే మార్గం లేదు. అన్నీ సీ-60లే అనుకున్నా 43 గంటలు, చిక్కులతో కలిపి అంతకు రెట్టింపు వేసుకోండి. వారానికి మూడు నాలుగు చొప్పున చేస్తే విసుగు రాదు. గంటకి జీబీ పైన కొంచెం, మొత్తం 45 జీబీ దాకా అవుతుంది. ఈ అసలు ఫైళ్లని ముట్టుకోకుండా ఒక హార్డ్ డిస్క్‌లో, ఇంకో నకలు వేరే ఊళ్లో ఉన్న తోబుట్టువు ఇంట్లో ఉంచండి. శబ్దం శుభ్రం చేయాలనుకుంటే నకలు మీదే చేయండి, అదీ నాయిస్ రిడక్షన్ 6 నుంచి 9 డెసిబెల్స్ దాటకుండా. ఎక్కువ చేస్తే నీళ్లలోంచి మాట్లాడుతున్నట్టు ఉంటుంది. గదిలో ఫ్యాను, వెనకెక్కడో రేడియో, పక్కమంచం మీదివాళ్ల నవ్వు, ఇవి చెత్త కాదు, ఉండనివ్వండి.

తేదీల్లేని క్యాసెట్లని వరస పెట్టడానికి మాటల్లోనే ఆధారాలుంటాయి. 1983 జూన్‌లో ప్రపంచ కప్పు గెలవడం, 1984 అక్టోబరు 31న ఇందిరాగాంధీ హత్య, 1990 ఆగస్టు 2న ఇరాక్ సైన్యం కువైట్‌లోకి రావడం, 1996 నవంబరులో కోనసీమ తుపాను. ఇవి ఏ వైపు వినబడినా కాగితం మీద రాసుకోండి. ఇంట్లో పుట్టిన పిల్లలు, పెళ్లిళ్లు, ఇల్లు కట్టడం కూడా అంతే. కువైట్ క్యాసెట్లలో 1990 ఆగస్టు తర్వాత కొంతకాలం ఖాళీ కనిపించాలి. వరస సరిగ్గా వచ్చిందో లేదో ఆ ఖాళీయే చెబుతుంది.

ఇదంతా వినేది ముందుగా ఎవరు? అమ్మగారే వినాలి. ఇంట్లో ఒక్కటే మెషీన్ ఉన్న రోజుల్లో క్యాసెట్ వస్తే అందరూ చుట్టూ చేరి వినేవాళ్లు. నాన్నగారు అందరికీ వినబడేలా చెప్పినవి ఉంటాయి, ఆవిడ ఒక్కరికే అనుకున్నవీ ఉండొచ్చు. అప్పులు, మాటపట్టింపులు, ఎవరి మీదో చిరాకు కూడా ఉంటాయి. కంప్యూటర్‌లో ఎక్కించేటప్పుడు స్పీకర్ ఆపేసి మీటరు మాత్రం చూసుకుంటూ చేయొచ్చు. శబ్దం బాగుందో లేదో తెలుసుకోవడానికి మొదట రెండు నిమిషాలు చాలు. తేదీల పని ఆవిడ విని సరేనన్నాకే పెట్టుకోండి. ఆవిడ చెప్పకుండా ఒక్క ముక్క కూడా కుటుంబం వాట్సాప్ గ్రూపులో వేయకండి. ఒకసారి వేస్తే వెనక్కి రాదు.

ఆవిడకి ఇచ్చే నకలుకి వేరే పద్ధతి. మోనో, 64 కేబీపీఎస్ ఎంపీ3 సరిపోతుంది. గంటకి 29 ఎంబీ, మొత్తం కలిపి జీబీన్నర కూడా కాదు. ప్రతి వైపునీ ఐదేసి ఆరేసి నిమిషాల ముక్కలుగా, మాట ఆగిన చోట కోయండి. అప్పుడు మెషీన్ ఫైలు మొదటికి వచ్చినా ఆవిడ పోగొట్టుకునేది మహా అయితే ఐదారు నిమిషాలే. ప్రతి క్యాసెట్ మొదట్లో మీ గొంతుతో ఒక మాట కలపండి: "ఇది తొమ్మిదో క్యాసెట్, తమ్ముడి అన్నప్రాసన అప్పటిది" అని. తెర మీది పేరు చదవక్కర్లేకుండా చెవితోనే గుర్తు పడతారు. పాత డబ్బాల మీద ఆ అంకెలే పెద్దగా రాయండి, డబ్బా చూసి ఏది కావాలో ఎంచుకుంటారు.

పెన్‌డ్రైవ్ 8 లేదా 16 జీబీది, ఫ్యాట్32లో ఫార్మాట్ చేసింది కావాలి. పెద్ద పెన్‌డ్రైవ్‌లు చాలా స్పీకర్లకి అర్థం కావు. ఫోల్డర్లకి, ఫైళ్లకి 001, 002 అని అంకెలే పెట్టండి. చవక ప్లేయర్లు చాలావరకు పేరు చూడవు, ఏది ముందు కాపీ అయిందో అదే ముందు పాడతాయి. కాబట్టి అన్నీ ఒకేసారి లాగి పడేయకుండా, ఒక్కో ఫోల్డర్‌ని వరసగా కాపీ చేయండి. మధ్యలో ఏదైనా చేర్చాలంటే మొత్తం చెరిపి మళ్లీ మొదటినుంచి కాపీ చేయడమే సుఖం.

ఇంట్లో ఎవరైనా ఇప్పుడు దూరంగా ఉండి ఆవిడకి వాట్సాప్‌లో వాయిస్ మెసేజ్‌లు పంపుతుంటే అవీ ఇందులో చేర్చొచ్చు. ఆండ్రాయిడ్ ఫోన్‌లో ఫైల్స్ యాప్ తెరిచి, వాట్సాప్ మీడియా లోపల 'వాట్సాప్ వాయిస్ నోట్స్' ఫోల్డర్ చూడండి. తేదీల పేర్లతో వరసగా ఉంటాయి. అవి ఓపస్ రకం ఫైళ్లు, స్పీకర్ పాడదు, ఆడాసిటీలో తెరిచి ఎంపీ3గా మార్చాలి. కొన్ని కంప్యూటర్లలో తెరవడానికి ఎఫ్ఎఫ్ఎంపెగ్ అనే ఉచిత సాఫ్ట్‌వేర్ కూడా వేసుకోవాల్సి రావొచ్చు. ఫోన్ మార్చేముందు ఈ ఫోల్డర్ కాపీ చేసుకోవడం మర్చిపోకండి, చాట్ బ్యాకప్ వదిలేస్తే ఫోన్‌తో పాటే పోతాయి.